పసుపు గీత ఇచ్చే మాట ఎంతవరకు? నేల మీద నడిచే విమానం దేనికీ తగలకుండా చూసుకునే పద్ధతి

2008 మార్చి 23న, అర్ధరాత్రి దాటగానే, హైదరాబాద్ ప్రయాణికుల విమానాలు బేగంపేటను వదిలి శంషాబాద్‌కు మారాయి. ఆ రాత్రికి ముందూ తర్వాతా ఏప్రన్ మీద, అంటే విమానాలు నిలిపే కాంక్రీటు ఆవరణలో, పనిచేసినవాణ్ని. బేగంపేటలో చోటు ఇరుకు. విమానాన్ని స్టాండులోకి, అంటే అది నిలిచే చోటుకి, తెచ్చేటప్పుడు ప్రతి ఒక్కరి కళ్లూ రెక్కల చివర్ల మీదే ఉండేవి. శంషాబాద్ ఏప్రన్ విస్తీర్ణం చూశాక, ఇక రెక్క దేనికైనా తగలడమనే మాటే ఉండదని మాలో చాలామంది అనుకున్నాం. అది పొరపాటు. కోఠి సందుల్లో కారు నడిపే మనిషి అద్దం మడుచుకుని అంగుళం అంగుళం కదులుతాడు. ఔటర్ రింగు రోడ్డు ఎక్కగానే అదే మనిషి ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుంటాడు. కాంక్రీటు వెడల్పు పెరిగితే విమానాల మధ్య దూరం పెరుగుతుందనుకుంటాం. కానీ పెద్ద చోటుకు పెద్ద విమానాలు వస్తాయి, ఎక్కువగా వస్తాయి. మిగిలే ఎడం ఎప్పటిలాగే కొన్ని మీటర్లు.

ఇది ముగ్గురి కోసం రాస్తున్నాను: కాక్‌పిట్‌లో కొత్తగా కూర్చున్న పైలట్, విమానానికి దారి చూపే మార్షలింగ్ కర్రలు చేతిలో పట్టుకున్న గ్రౌండ్ సిబ్బంది, ఏప్రన్ మీద వాహనం నడిపే డ్రైవర్. మీ పనికి సంబంధించిన మెట్టు మాత్రమే చదివి వదిలేయకండి. విమానం తగిలిన ప్రతిచోటా ఈ ముగ్గురిలో ఒకరు ఇంకొకరి పని గురించి తప్పుగా ఊహించుకుని ఉంటారు.

మొదటి మెట్టు: కదలక ముందు లెక్క తెలుసుకోండి

మీ విమానం రెక్కల వెడల్పు మీ ఫోను నంబరులా నోటికి రావాలి. ఏటీఆర్ 72కు సుమారు 27 మీటర్లు. రెక్కల కొసలు పైకి తిరిగిన ఎ320కి 35.8 మీటర్లు. గల్ఫ్ దేశాలకు వెళ్లే 777-300ఈఆర్‌కు 64.8 మీటర్లు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రెక్కల వెడల్పును బట్టి విమానాలకు కోడ్ అక్షరాలు ఇచ్చింది. 24 నుంచి 36 మీటర్ల లోపు ఉంటే కోడ్ సి. 52 నుంచి 65 లోపు ఉంటే కోడ్ ఈ. ట్యాక్సీవేలు (విమానాలు నేల మీద నడిచే దారులు), స్టాండ్లు ఈ అక్షరాల ప్రకారమే కడతారు.

ఇప్పుడు అసలు లెక్క. కోడ్ సి ట్యాక్సీవే మీద, మధ్యనున్న పసుపు గీత నుంచి పక్కనున్న ఏ వస్తువుకైనా కనీసం 26 మీటర్లు ఉండాలని ప్రమాణం. మీ రెక్క గీతకు అటూ ఇటూ దాదాపు 18 మీటర్లు చాచుకుంటుంది. అంటే మిగిలేది 8 మీటర్లు. స్టాండ్ల మధ్యకు దారితీసే ట్యాక్సీలేన్‌లోకి మళ్లితే ఆ 26 కాస్తా 22.5 అవుతుంది. మిగిలేది 4.5 మీటర్లు. స్టాండులో నిలబడ్డాక పక్కవాటితో ఉండాల్సిన కనీస ఎడం కూడా అంతే. అది ఒక చిన్న కారు పొడవుకు కాస్త ఎక్కువ, అంతే.

ఆ మిగులు పూర్తిగా మీదే అనుకోవద్దు. మీ ముక్కు చక్రం గీత నుంచి పక్కకు జరిగే దూరం కూడా అందులోంచే పోతుంది. గీతకు రెండు మీటర్లు కుడిగా నడిపితే, కుడివైపు 4.5లో రెండు మీ చేతులారా ఖర్చు చేసినట్లే.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. పసుపు గీత ఇచ్చే హామీకి ఒక షరతు ఉంటుంది. మిగతా విమానాలూ వాహనాలూ ఉండాల్సిన చోట ఉంటేనే ఆ గీత మాట చెల్లుతుంది. గీత గీసినవాడు ఖాళీ ఏప్రన్ మీద, నక్షా చూసుకుని గీశాడు. ఈ రోజు పక్క స్టాండులో ఎవరు ఎలా నిలిపారో అతనికి తెలియదు. ఈ ఒక్క విషయం మనసుకు పడితే కింద చెప్పే మెట్లలో సగం మీకే తోస్తాయి.

రెండో మెట్టు: విమానాన్ని చూసినట్లే చుట్టుపక్కలా చూడండి

బయలుదేరే ముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి టైర్లు, ఇంజిన్లు, లీకులు చూస్తాడు. ఆ చూపంతా విమానం వైపే ఉంటుంది. తిరిగేటప్పుడు రెండుసార్లు, ఒక్కో రెక్క చివర దగ్గర ఒకసారి, విమానానికి వీపు చూపించి నిలబడండి. అక్కడి నుంచి బయటకు చూడండి. ఏ ట్రాలీ వదిలేసి ఉంది? పక్క విమానం తన ఆగాల్సిన గీత మీదే ఉందా, వెనక్కి ఉందా? మెట్ల బండి దాని గడిలోకి వెళ్లిందా? కాక్‌పిట్‌లో కూర్చున్నాక ఇవేవీ కనిపించవు. చాలా పెద్ద విమానాల్లో పైలట్‌కు తన రెక్క చివర కూడా కనిపించదు. ముక్కు ముందున్న కొన్ని మీటర్ల నేల ఏ విమానంలోనూ కనిపించదు.

తర్వాత దారి. నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా సమాచారం) చదివి ఏ ట్యాక్సీవే మూసి ఉందో, ఎక్కడ పనులు జరుగుతున్నాయో చూడండి. మ్యాపులో హాట్‌స్పాట్‌గా, అంటే ప్రమాదానికి ఎక్కువ అవకాశమున్నవిగా, గుర్తించిన చోట్లు ఉంటే వాటిని పేరుపేరునా సహ పైలట్‌తో చెప్పుకోండి. ‘తెలిసిన విమానాశ్రయమే కదా’ అని ఈ మాటలు దాటవేసేవాళ్లను చూశాను. తెలిసిన విమానాశ్రయంలోనే నిన్న లేని బారికేడు ఈ రోజు ఉంటుంది.

బేగంపేటలో ఇప్పుడు శిక్షణ విమానాలూ, ప్రముఖుల విమానాలూ తిరుగుతున్నాయి. శిక్షణలో ఉన్నవారికి ఒక మాట. సెస్నా 172 రెక్కల వెడల్పు 11 మీటర్లే. దాన్ని హ్యాంగరు నుంచి చేత్తో నెట్టి బయటకు తెస్తారు. రెక్కకు సొట్ట పడేది చాలాసార్లు ఇక్కడే, ఇంజిన్ ఇంకా తిరగకముందే. ఇద్దరితో పని కానిచ్చేయాలనుకోవద్దు. ముక్కు దగ్గర టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) పట్టుకున్న మనిషికి రెక్కలు రెండూ ఒకేసారి కనిపించవు. ఒక్కో రెక్క చివర ఒక్కో మనిషి ఉండాలి, తోక వెనుక గోడ ఉంటే అక్కడ ఇంకొకరు. ఎవరు ‘ఆగు’ అన్నా ఆగాలి. ఎందుకని అడగడం ఆగిన తర్వాత.

మూడో మెట్టు: పుష్‌బ్యాక్ (విమానాన్ని ట్రాక్టర్‌తో వెనక్కి నెట్టడం)

ఆర్టీసీ బస్సు డిపోలో వెనక్కి వెళ్లేటప్పుడు కండక్టర్ కిందికి దిగి, వెనుక నిలబడి, బస్సు ఒంటి మీద అరచేత్తో కొడుతూ డ్రైవర్‌కు దారి చెబుతాడు. ఆ చప్పుడు ఆగితే బస్సూ ఆగుతుంది. పుష్‌బ్యాక్‌లో రెక్క పక్కన నడిచే వింగ్ వాకర్ చేసే పని అదే, చప్పుడుకు బదులు చేతికర్ర. ఇక్కడ బంగారం లాంటి నియమం ఒకటుంది: సంకేతం లేకపోవడమంటే ‘వెళ్లు’ అని కాదు, ‘ఆగు’ అని. ట్రాక్టర్ డ్రైవర్‌కు వింగ్ వాకర్లలో ఒక్కరు కనిపించకపోయినా ట్రాక్టర్ ఆగాలి.

విమానాన్ని ముక్కు దగ్గర పట్టుకుని నెడతారు. ముక్కు ఎడమకు తిరిగితే తోక కుడికి ఊగుతుంది. పొడవాటి విమానంలో ఆ ఊపు చాలా వెడల్పుగా ఉంటుంది. అందుకే వింగ్ వాకర్ రెక్క చివర దగ్గర నిలబడి, రెక్కతోపాటు నడుస్తూ, తోక వెళ్లే వైపు కూడా చూడాలి. ట్రాక్టర్ వెనుక నడుస్తూ పైలట్‌తో మాట్లాడే హెడ్‌సెట్ మనిషికి రెక్కలు కొంత కనిపిస్తాయి, తోక కనిపించదు. ఎంత అనుభవమున్నా కనిపించనిది కనిపించదు.

మనుషులు తక్కువగా ఉన్నారని ఒక్క వింగ్ వాకర్‌తోనే కానిచ్చేయడం నేను చూసిన అలవాట్లలో అన్నిటికన్నా చెడ్డది. పది సార్లు ఏమీ కాదు. ఆ పది సార్లే పదకొండోసారికి ధైర్యమిస్తాయి. ఇంకొక మనిషి వచ్చేదాకా విమానాన్ని ఆపండి. ఆలస్యానికి జవాబు చెప్పుకోవచ్చు.

నెట్టడం అయిపోయాక పార్కింగ్ బ్రేకు వేసినట్లు పైలట్ చెబుతాడు. టో బార్ విప్పుతారు. నెట్టేటప్పుడు ముక్కు చక్రం స్టీరింగును పనిచేయకుండా ఆపి ఉంచిన బైపాస్ పిన్ తీస్తారు. హెడ్‌సెట్ మనిషి పక్కకు వచ్చి, ఆ పిన్నును పైకెత్తి పైలట్‌కు చూపించి, బొటనవేలు చూపిస్తాడు. పైలట్ కళ్లతో ఆ పిన్ను చూసేదాకా విమానం కదలకూడదు. ట్రాక్టర్ ఇంకా ముక్కు కింద ఉండగానే, వెళ్లిపోయిందనుకుని కదిలిన విమానాలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. ట్రాక్టర్ వెళ్లిపోతుండగా చూడాలి, వెళ్లిపోయి ఉంటుందిలే అనుకోకూడదు.

నాలుగో మెట్టు: గీత మీద నడక

కదిలిన వెంటనే బ్రేకులు ఒకసారి తొక్కి చూడండి. పనిచేయకపోతే ఆ సంగతి మొదటి పది మీటర్లలో తెలియాలి.

వేగం విషయంలో కొత్త పైలట్లకు అంచనా తప్పుతుంది. ఎత్తున కూర్చున్నందువల్ల నేల మెల్లగా జరుగుతున్నట్లు అనిపిస్తుంది. అందుకే కంటిని నమ్మకుండా తెర మీద కనిపించే నేల వేగాన్ని చూడాలి. ఎ320 లాంటి విమానం సూటి దారిలో 30 నాట్లు దాటకూడదు, పదునైన మలుపులో 10 నాట్లకు తగ్గాలి. ఆ 10 కూడా తక్కువేమీ కాదు. గంటకు 18.5 కిలోమీటర్లు, సెకనుకు 5 మీటర్లు. అడ్డంకిని చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి రెండు సెకన్లు పడితే, విమానం అప్పటికే 10 మీటర్లు ముందుకొచ్చింది. ట్యాక్సీలేన్‌లో, స్టాండు దగ్గర, మనిషి పక్కన నడవగలిగే వేగమే సరైన వేగం.

ట్యాక్సీ చేస్తున్నంతసేపూ కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాటలు ఉండకూడదు. నేల మీద నడక కూడా టేకాఫ్, ల్యాండింగ్ లాంటి కీలక దశే అని నిబంధనలు అంటాయి. ఒకరు నడుపుతుంటే రెండోవారు తల దించుకుని కంప్యూటర్‌లో అంకెలు నొక్కుతుండటం మామూలు దృశ్యం. అవి నొక్కడం తప్పదు. కానీ మలుపుల దగ్గర, కూడళ్ల దగ్గర, ఆగి ఉన్న విమానాల పక్కన కాదు. కుడివైపు రెక్క సంగతి కుడివైపు కూర్చున్నవారే చూడగలరు. ‘కుడివైపు ఖాళీ’ అని వాళ్లు నోటితో చెప్పాలి. ఎడమ సీటులోంచి మెడ సాచి కుడి రెక్కను ఊహించే కెప్టెన్ తనను తాను మోసం చేసుకుంటున్నట్లే.

టవర్ లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో కూడా గుర్తుంచుకోండి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ ఆగాలి, లేదా కుడికి తప్పుకోవాలి. దారులు కలుస్తుంటే మీ కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. దాటి వెళ్లాలనుకునేవారే ముందున్న విమానానికి దూరం జరగాలి.

అయిదో మెట్టు: మలుపు

గుడికి కావడి మోసుకెళ్లే మనిషిని గుర్తుచేసుకోండి. సూటిగా నడిచినంతసేపూ కావడి బద్ద అతని వెంటే వెళ్తుంది. అతను చటుక్కున పక్కకు తిరిగాడా, బద్ద వెనుక కొస వెళ్లి ఎవరి తలకో తగులుతుంది. తిరిగినవాడికి ఆ సంగతి అరుపు వినిపించాక తెలుస్తుంది.

జెట్ విమానం రెక్కలు వెనక్కి వంగి ఉంటాయి. రెక్క చివర ప్రధాన చక్రాల కన్నా బాగా వెనుకగా ఉంటుంది. విమానం మలుపు తిరిగేటప్పుడు ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది. ఆ బిందువు నుంచి రెక్క చివరకున్న దూరం పక్కకు కొలిచిన దూరమొక్కటే కాదు, వెనక్కున్న దూరాన్ని కూడా కలుపుకున్న ఏటవాలు దూరం. అందువల్ల మలుపు బయటివైపు రెక్క, సూటిగా వెళ్లేటప్పుడు తుడిచే వెడల్పు కన్నా ఎక్కువ మేర తుడుస్తుంది. కాగితం మీద 18 మీటర్లున్న రెక్క మలుపులో కాసేపు ఇంకా పొడవైనట్లు ప్రవర్తిస్తుంది. మలుపు ఎంత పదునుగా ఉంటే ఆ పెరుగుదల అంత ఎక్కువ.

కాబట్టి ఒక అడ్డంకి పక్క నుంచి సూటిగా వెళ్తుంటే సరిపోయే ఎడం, అదే అడ్డంకి దగ్గర మలుపు తిప్పితే సరిపోకపోవచ్చు. సందేహమున్న వస్తువును ముందు సూటిగా దాటండి, తర్వాత తిప్పండి. దాటకముందే తిప్పాల్సిన పరిస్థితి ఉంటే ఆగి, రెక్క దగ్గరకు మనిషిని పిలిపించండి. లోపలివైపు చూస్తూ తిప్పడం అందరికీ అలవాటు. తగిలేది మాత్రం బయటి రెక్కే కావచ్చు.

ఆరో మెట్టు: ఆగి ఉన్న విమానం పక్క నుంచి, వెనుక నుంచి

ఇక్కడ కాస్త నిలుద్దాం. గత పదిహేనేళ్లలో పేరుమోసిన ఘటనలు కొన్ని వరసగా పెట్టి చూడండి.

2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో ట్యాక్సీ చేస్తున్న ఎ380 రెక్క, స్టాండు కోసం ఎదురుచూస్తున్న చిన్న సీఆర్‌జే విమానం తోకకు తగిలి దాన్ని గిర్రున తిప్పేసింది. 2012 మేలో షికాగోలో 747 సరుకుల విమానం రెక్క చిన్న ఎంబ్రేయర్ తోకకు తగిలింది. 2024 మార్చిలో కోల్‌కతాలో, రన్‌వే మీదికి వెళ్లేందుకు అనుమతి కోసం ఆగి ఉన్న 737 రెక్కకు ట్యాక్సీ చేస్తున్న ఎ320 రెక్క రాసుకుంది. 2024 సెప్టెంబరులో అట్లాంటాలో ఎ350 రెక్క సీఆర్‌జే-900 తోకను పూర్తిగా విరిచేసింది. 2025 ఫిబ్రవరిలో సియాటిల్‌లో 787 రెక్క 737 తోకలోకి దిగింది.

విమానాలు వేరు, దేశాలు వేరు. అన్నిటిలో ఒకటే ఆకారం: ఒకటి ఆగి ఉంది లేదా దాదాపు ఆగి ఉంది, ఇంకొకటి దాని వెనుక నుంచో పక్క నుంచో వెళ్తోంది. వెళ్తున్న విమానం చాలావరకు తన దారిలో, అనుమతి తీసుకుని వెళ్తున్నదే. ఆగి ఉన్న విమానం తోక (కోల్‌కతాలో రెక్క) ఆ దారికి ఎంత దగ్గరగా ఉందో అంచనా తప్పింది. దూరాన నిలువుగా నిలబడ్డ తోక ఎంత వెనుకగా ఉందో కంటికి అందదు. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టమో, కాక్‌పిట్ నుంచి ముప్పై మీటర్ల పక్కనున్న రెక్క చివరకూ ఎదుటి తోకకూ మధ్య దూరం చూడటం అంతకన్నా కష్టం.

ఈ మెట్టులో చేయాల్సినవి రెండు వైపులా ఉన్నాయి.

వెళ్తున్నవారు: గ్రౌండ్ కంట్రోల్ (టవర్ నుంచి నేల మీది విమానాలకు దారి చెప్పేవారు) ఇచ్చిన దారి అనుమతిని రెక్క పట్టే హామీగా తీసుకోవద్దు. టవర్‌లో కూర్చున్నవారు మిమ్మల్ని చాలా దూరం నుంచి చూస్తున్నారు. మూడు మీటర్లకూ మూడు అడుగులకూ తేడా అక్కడి నుంచి తెలియదు. రెక్క దేనికీ తగలకుండా చూసుకునే చివరి బాధ్యత కెప్టెన్‌దే. ముందున్న విమానం తను ఆగాల్సిన హోల్డింగ్ గీత దగ్గరకు పూర్తిగా వెళ్లిందో లేదో చూడండి. వెళ్లనట్లు అనిపిస్తే దాని తోక ఉండాల్సిన చోటు కన్నా వెనుక, అంటే మీ దారి వైపు ఉంది. అప్పుడు ఆగండి. ఆగానని, ఎందుకు ఆగానో రేడియోలో చెప్పండి. ముందున్న విమానాన్ని కాస్త ముందుకు జరపమని అడగండి, లేదా వేరే దారి అడగండి, లేదా మనిషిని పంపమనండి. గీత వదిలి పక్కకు తప్పుకుని వెళ్దామనుకోవద్దు. ఇటు తోక నుంచి తప్పించుకున్న రెక్క అటువైపు దీపస్తంభం వెతుక్కుంటుంది.

ఆగి ఉన్నవారు: ఈ సగం ఎవరూ చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతాను. మీరు ఆగినప్పుడు మీ వెనుక ఎంత తోక మిగిలి ఉందో చూసుకోవడం మీ బాధ్యతే. హోల్డింగ్ గీత వరకూ వెళ్లగలిగితే వెళ్లి ఆగండి. సౌకర్యంగా ఉందని ఇరవై మీటర్ల వెనుక ఆగొద్దు. ముందు ఇంకో విమానం ఉండి వెళ్లలేకపోతే, లేదా స్టాండు ఖాళీ లేక సగం లోపల సగం బయట నిలబడాల్సి వస్తే, తోక ట్యాక్సీవే మీదే ఉందని గ్రౌండ్‌కు చెప్పండి. ఒక్క వాక్యం. ఆ వాక్యం విన్న కంట్రోలర్ మీ వెనుక నుంచి ఇంకొకరిని పంపే ముందు ఆలోచిస్తాడు.

కొన్ని పెద్ద విమానాల్లో ట్యాక్సీ కెమెరాలు వచ్చాయి. ఎ380 లోనూ 777-300ఈఆర్‌ లోనూ ఉన్నాయి. అవి ప్రధానంగా చక్రాలు ఎక్కడ నడుస్తున్నాయో చూపించడానికి పెట్టినవి. రెక్క చివర కనిపించని పెద్ద విమానాలకు ఢీకొనకుండా హెచ్చరించే సాధనం పెట్టాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లోనే సిఫార్సు చేసింది. పైన చెప్పిన ఘటనల్లో మూడు ఆ తర్వాతివే. సాధనం కోసం ఎదురుచూడకుండా, ఉన్న కళ్లతో పని చేయించుకోవడమే ప్రస్తుతానికి దారి.

ఏడో మెట్టు: స్టాండులోకి

విమానం రాకముందే స్టాండును సిద్ధం చేయాలి. కర్రలతో విమానాన్ని లోపలికి పిలిచే మార్షలర్ స్టాండు మీద ఒకసారి నడిచి, ఎర్ర గీతల లోపల వాహనం, ట్రాలీ, చోక్ (చక్రాలకు పెట్టే అడ్డు), కోను, ప్లాస్టిక్ ముక్క ఏదీ లేదని చూసుకోవాలి. ఏరోబ్రిడ్జి వెనక్కి పూర్తిగా ముడుచుకుని ఉండాలి. విమానం కనిపించాక హడావిడిగా ట్రాలీలు లాగడం మొదలైతే సిద్ధం కానట్లే. అప్పుడు విమానాన్ని బయటే ఆపండి.

పైలట్ వైపు నియమం ఇంకా చిన్నది. మార్షలర్ లేకపోయినా, ఎక్కడ ఆగాలో తెర మీద చూపే డాకింగ్ యంత్రం వెలగకపోయినా, వెలిగిన తెర మీద మీ విమానం కాకుండా ఇంకొక రకం పేరు కనిపించినా లోపలికి రావద్దు. యంత్రం మీ ముక్కు ఎక్కడుందో చూస్తుంది. రెక్క కింద ఎవరో వదిలిన మెట్ల బండి సంగతి దానికి పట్టదు.

మార్షలర్‌కు రెండు ‘ఆగు’లు వచ్చి ఉండాలి. మామూలుగా ఆపడానికి చేతులు రెండూ పక్కలకు చాచి, మెల్లగా తల మీదికి తెచ్చి కర్రలు అడ్డంగా కలపాలి. అత్యవసరంగా ఆపడానికి అదే పని ఒక్కసారిగా, గబుక్కున చేయాలి. అద్దం ముందు నిలబడి రెండిటికీ తేడా మీకే కనిపించేదాకా సాధన చేయండి. మా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక కుర్రవాడు మొదటి వారం భయంతో అన్ని ‘ఆగు’లూ గబుక్కునే చేసేవాడు. పైలట్ ప్రతిసారీ బ్రేకు మీద నిలబడేవాడు, లోపల ప్రయాణికులు ముందుకు తూలేవారు. నిజంగా అవసరమైన రోజున ఆ సంకేతానికి విలువ మిగలదు.

వింగ్ వాకర్‌కు సందేహం వస్తే ముందు మార్షలర్‌కు చూపించాలి, మార్షలర్ వెంటనే విమానాన్ని ఆపాలి. పెద్దవాళ్లు తిడతారేమోనని చిన్నవాడు చెయ్యి ఎత్తని చోట రెక్కలు తగులుతాయి. అనవసరంగా ఆపినందుకు ఎవరినీ తిట్టకండి, ‘ఏం చూశావు, బాబూ?’ అని అడగండి.

ఎనిమిదో మెట్టు: వాహనాలు నడిపేవారికి

విమానం మీది ఎర్ర బీకన్ దీపం తిరుగుతోందంటే ఇంజిన్ నడుస్తోంది, లేదా నడవబోతోంది, లేదా విమానం కదలబోతోంది. ఇంజిన్లు ఆగి, బీకన్ ఆరి, చక్రాలకు చోక్స్ పెట్టాకే దగ్గరకు వెళ్లాలి. కదిలే విమానానికీ మార్షలర్‌కూ మధ్య నుంచి ఎప్పుడూ దూరకండి. ఏప్రన్ మీద విమానానికే ఎప్పుడూ దారి. మీరు ముందుగా వచ్చినా సరే.

బండి దిగితే పార్కింగ్ బ్రేకు వేయాలి. ‘ఒక్క నిమిషమే కదా’ అని వదిలేసిన బండ్లే దొర్లుతాయి. వెనక్కి వెళ్లాలంటే కింద ఒక మనిషి ఉండాలి. ఆహారం ఎక్కించే ఎత్తు బండి, సామాను ఎక్కించే బెల్టు లోడర్ విమానానికి దగ్గరవుతున్నప్పుడు కొంచెం ముందే ఆగి, బ్రేకు పనిచేస్తోందని చూసుకుని, తర్వాత తాకీ తాకనట్లు జరపాలి. పని అయిపోయిన సామాను దాని గడిలోకి తిరిగి వెళ్లాలి. స్టాండు మూలన ‘ఇక్కడుంటే ఏమవుతుందిలే’ అని పెట్టిన ఖాళీ డాలీ (సామాను బండి), తర్వాత వచ్చే పెద్ద విమానం రెక్క దారిలో ఉంటుంది. ఎ320కి అడ్డం కానిది 777కు అడ్డం.

తొమ్మిదో మెట్టు: గాలి, వాన, మంచు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు హైదరాబాద్‌లో ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తుంది. ఒకసారి అలాంటి గాలికి ఒక ఖాళీ ట్రాలీ తనంతట తాను బయలుదేరి స్టాండు దాటి ట్యాక్సీలేన్ మధ్యలో వచ్చి నిలబడింది. అదృష్టం బాగుండి ఎవరూ రావడం లేదు. వాతావరణ హెచ్చరిక రాగానే ట్రాలీలు కొక్కేలతో ఒకదానికొకటి కట్టి, బ్రేకులు వేసి, చిన్న విమానాలను తాళ్లతో నేలకు కట్టేయాలి. తడి కాంక్రీటు మీద రాత్రిపూట దీపాల మెరుపులో పసుపు గీత మాయమవుతుంది. గీత కనిపించకపోతే ఆగి, దారి చూపే వాహనాన్ని అడగండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల పొగమంచులోనూ అంతే.

పదో మెట్టు: తగిలితే

పార్కింగ్ బ్రేకు వేయండి. కదిపి విడదీయాలని చూడొద్దు. రెక్కలో ఇంధనం ఉంటుంది. పట్టుకుని ఉన్న లోహాన్ని లాగితే చిరుగు పెద్దదై కారుతుంది. గ్రౌండ్‌కు చెప్పి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. ఇంజిన్లు ఆపాలా, ప్రయాణికులను దించాలా అన్నది కారడం, పొగ చూసి కెప్టెన్ నిర్ణయిస్తాడు. ఎదుటి విమానానికి కూడా రేడియోలో తెలియజేయండి. తోకకు తగిలితే లోపలివారికి చిన్న కుదుపులా మాత్రమే అనిపించవచ్చు, వాళ్లు టేకాఫ్‌కు వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

‘గీటు పడింది, అంతే’ అనే మాట నమ్మొద్దు. మిశ్రమ పదార్థంతో చేసిన భాగాల్లో పైన మచ్చ చిన్నగా ఉండి లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. ఇంజినీరు చూసి సంతకం పెట్టేదాకా విమానం ఎగరకూడదు. డ్రైవర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. బండితో తలుపు అంచును కాస్త తాకినా వెంటనే చెప్పాలి. ఉద్యోగం పోతుందని దాచిపెట్టిన సొట్ట, మేఘాల పైన పీడనం కింద తెరుచుకుంటే పోయేది ఉద్యోగం కాదు. చెప్పినవారిని శిక్షించే యజమాని తన దగ్గర ఇలాంటి సొట్టలను తానే పోగు చేసుకుంటున్నాడు.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకూ, తీవ్రతను బట్టి విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరోకూ సమాచారం వెళ్లాలి. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ మీద కొత్త మాటలు పడి పాతవి చెరిగిపోకుండా భద్రపరచాలి. ఏదీ జరపకముందే ఫొటోలు తీయండి. టేపు తెచ్చి, ముక్కు చక్రం పసుపు గీతకు ఎంత దూరంలో ఉందో, ఎదుటి విమానం ముక్కు చక్రం తన ఆగాల్సిన గీతకు ఎంత వెనుక ఉందో రెండూ కొలిచి కాగితం మీద రాయండి.